రిజిస్టర్‌లో చివరి గడి: పదకొండో నంబర్ కుర్రాడి కేసు

మా హాస్టల్ రిజిస్టర్‌లో ప్రతి పిల్లాడి పేరుకీ ఎదురుగా చివర ఒక చిన్న గడి ఉంటుంది. పుట్టిన తేదీ, ఎత్తు, బరువు, క్లాసు, ఆడే పొజిషన్ అన్నీ పెన్నుతో రాస్తాం. ఆ చివరి గడిలో మాత్రం నేను పెన్సిల్‌తో ‘ఫ్యూ’ అని రాస్తాను. ఫ్యూచర్ ఉన్న కుర్రాడు అని అర్థం. హాకీ కోచ్‌లం ఎక్కడ కలిసినా ముందు ఒకరినొకరం అడిగేది అదే: "మీ దగ్గర ఫ్యూచర్ ఉన్నోళ్లు ఎంతమంది?" పేపర్లవాళ్లు ప్రాస్పెక్ట్ అని రాస్తారు.

ఆ ఒక్క అక్షరం రాయడం నిమిషం పని. చెరపడం ఎలాగో మాకెవరూ నేర్పలేదు. ట్రయల్స్ ఎలా పెట్టాలి, ఎవరిని తీసుకోవాలి అన్నది కోచింగ్ కోర్సులో వారాల తరబడి చెప్పారు. తీసుకున్న పిల్లాడి మీద పెట్టుకున్న ఆశ ఏ రోజు వదలాలి, ఆ మాట వాడికి ఎలా చెప్పాలి అన్నది ఒక్క క్లాసులోనూ రాలేదు. ఈ కేసులో ఆ గడి చెరపడానికి నాకు మూడేళ్లు పట్టింది. అందులో చాలా భాగం నా ఆలస్యమే. దానివల్ల ఒక కుర్రాడికి చదువులో ఒక ఏడాది పోయింది. సాటి కోచ్‌లకి, పీఈటీలకి, పిల్లల్ని హాస్టళ్లకి పంపిన అమ్మానాన్నలకి పనికొస్తుందని రాస్తున్నాను.

రాసింది ఆ కుర్రాడికి, వాళ్ల నాన్నకి చదివి వినిపించాను. రాయమన్నారు, పేరు మాత్రం వద్దన్నారు. వాడి జెర్సీ నంబర్ 11. ఇక్కడ పదకొండు అనే అంటాను.

చేరిన రోజు

పదకొండు ఏడో క్లాసులో, జూలైలో చేరాడు. అప్పటికి పన్నెండున్నరేళ్లు. కోనసీమ పిల్లాడు. నాన్న కొబ్బరి దింపు తీస్తారు, అమ్మ కూలికి వెళ్తుంది. చేరిన రోజు గోడకి నిలబెట్టి కొలిస్తే 161 సెంటీమీటర్లు. ఆ బ్యాచ్‌లో మిగతావాళ్లు వాడి భుజం దాకా వచ్చేవాళ్లు. అప్పటికే నూనూగు మీసం. స్టిక్ పట్టిన నెల తిరక్కుండానే డీ (గోల్ ముందుండే అర్ధవృత్తం) చివర నుంచి కొడితే బంతి గోల్ వెనక చెక్కకి తగిలి, ఆ చప్పుడు మెస్‌లోకి వినపడేది. వంటావిడ గరిటె పక్కన పెట్టి "అదిగో, వాడే" అనేది.

అండర్ 14లో వాడిని ఆపినవాడు లేడు. బంతి అందగానే వీపు డిఫెండర్ వైపు పెట్టి, ఒంటితో అడ్డుకుని, కుడివైపు తిరిగి పరుగు. అంతే. ఆ ఒక్క కదలికతోనే రెండేళ్లు గోల్స్ కొట్టాడు. 15 ఏళ్లకి స్టేట్ జట్టులో సబ్‌జూనియర్ నేషనల్స్‌కి వెళ్లాడు. తిరిగొచ్చిన రోజు వాళ్ల ఊళ్లో బస్సు దిగగానే దండ వేశారట. ఆ వారమే నేను రిజిస్టర్‌లో ‘ఫ్యూ’ పక్కన ఇంకో గీత గీశాను. అలా డబుల్ మార్క్ పెట్టిన పిల్లలు నా సర్వీసు మొత్తంలో నలుగురు.

ఇప్పుడు ఆ పేజీ చూస్తుంటే, నేను అప్పుడే గమనించాల్సిన రెండు విషయాలు పెన్నుతోనే రాసి ఉన్నాయి. మొదటిది పుట్టిన తేదీ. జనవరి మొదటి వారం. మన దగ్గర సబ్‌జూనియర్ 16 ఏళ్ల లోపు, జూనియర్ 19 లోపు, జూనియర్ వరల్డ్ కప్‌కి 21 లోపు. ఈ లెక్కలు జనవరి 1 నుంచి మొదలవుతాయి. జనవరిలో పుట్టినవాడు, అదే ఏడాది డిసెంబర్‌లో పుట్టినవాడు ఒకే గ్రూపులో ఆడతారు. పదమూడేళ్ల వయసులో పదకొండు నెలలంటే మామూలు తేడా కాదు.

రెండోది ఎత్తు. మగపిల్లలు జోరుగా సాగే కాలం సగటున పదమూడున్నర, పద్నాలుగు దగ్గర వస్తుంది. కొందరికి పన్నెండుకే, కొందరికి పదహారుకి. మా పదకొండో నంబర్ కుర్రాడికి మా దగ్గరికి వచ్చేసరికే అది అయిపోవచ్చింది. అమ్మానాన్నల ఎత్తులు కలిపి, మగపిల్లాడైతే దానికి 13 చేర్చి, సగం చేస్తే పెద్దయ్యాక ఎంత ఉంటాడో ఒక అంచనా దొరుకుతుంది. ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్లు అటూ ఇటూ కావచ్చు. వాళ్ల నాన్న 165, అమ్మ 152. లెక్క 165కి తేలుతుంది. పదిహేనున్నరేళ్లకి వాడు 167 దగ్గర ఆగిపోయాడు. నేను ఆ లెక్క కట్టింది మాత్రం వాడికి పదిహేడు దాటాక.

పొట్టిగా ఉండటం హాకీలో లోటు కాదు. నేను చెప్పేది వేరు. పన్నెండేళ్ల నుంచి పదిహేను దాకా వాడి పని వాడి ఒళ్లు చేసిపెట్టింది. ఆ మూడేళ్లలో తోటి పిల్లలు దెబ్బలు తింటూ, బంతి పోగొట్టుకుంటూ నేర్చుకున్నవి వాడికి నేర్చుకోవాల్సిన అవసరమే రాలేదు. గెలుస్తున్న పిల్లాడికి అవసరం పుట్టించాల్సింది కోచ్. నేను ఆ పని చెయ్యలేదు. పై గ్రూపులో వేసి ఓడిపోనివ్వాల్సింది. మాకూ జిల్లా కప్పు కావాలి కదా, వాడిని కింది గ్రూపులోనే ఉంచాను.

తల ఎత్తని ట్రాప్

పదహారో ఏట తోటివాళ్లు ఎదిగి వచ్చేశారు. గోల్స్ తగ్గాయి. అందరం ఫామ్ అన్నాం. నేనూ అదే అన్నాను. ఒకరోజు ఫోన్‌తో తీసిన మ్యాచ్ వీడియో పెట్టుకుని, వాడికి బంతి వచ్చే ముందు క్షణం దగ్గర ఆపి ఆపి చూశాను. అప్పుడు దొరికింది.

మంచి ఫార్వర్డ్‌కి బంతి వస్తుంటే, అది స్టిక్‌కి తగిలే ముందే ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూస్తాడు. డిఫెండర్ ఎక్కడున్నాడు, ఖాళీ ఎటుంది అని. రెప్పపాటు పని. ఆ చూపు ఉన్నవాడు బంతి అందేసరికే ఏం చెయ్యాలో తేల్చుకుని ఉంటాడు. పదకొండు చూడడు. కళ్లు బంతి మీదే. బంతి ఆగాక తల ఎత్తుతాడు. అప్పటికి డిఫెండర్ స్టిక్ వాడి స్టిక్ పక్కనే ఉంటుంది. అలవాటుగా కుడికి తిరుగుతాడు. ఆ సంగతి జిల్లాలో అందరికీ తెలిసిపోయింది. కుడివైపు దారి మూసేసి నిలబడేవాళ్లు. మూడు మ్యాచ్‌లు లెక్క కట్టాను. పదిసార్లు బంతి అందుకుంటే రెండుసార్లు చూశాడు.

ఇక్కడ ఏ కోచ్ అయినా ఆగి ఆలోచించాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. ఈ లోపం కుర్రాడిదా, మన గ్రౌండ్‌దా?

మాది మట్టి గ్రౌండ్. దాని మీద బంతి తిన్నగా రాదు. నాలుగు గజాల దూరంలో గులకరాయి తగిలి ఎగిరితే మోకాలి చిప్పకో, పళ్లకో తగులుతుంది. అందుకే మన పిల్లలు చిన్నప్పటి నుంచీ ఎడమ మోకాలు వంచి, స్టిక్‌ని నేల మీద పడుకోబెట్టి, బంతి తగిలేదాకా కళ్లు తిప్పకుండా ట్రాప్ చెయ్యడం, అంటే బంతిని ఆపడం, నేర్చుకుంటారు. మేం కొట్టి మరీ నేర్పించింది అదే: "బంతి చూడరా!" టర్ఫ్ మీద, అంటే కృత్రిమ గడ్డి మీద, పరిస్థితి తలకిందులు. నీళ్లు కొట్టిన టర్ఫ్ మీద బంతి గీత గీసినట్టు వస్తుంది, వేగంగా వస్తుంది. దాన్ని అంతసేపు చూస్తూ ఉండక్కర్లేదు. చుట్టూ చూడటానికి టైమ్ దొరుకుతుంది, చూడనివాడికి ఆట ఉండదు. 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో తొలిసారి హాకీని కృత్రిమ టర్ఫ్ మీద ఆడించినప్పుడు, అంతకుముందు హాకీ ఆడిన ఒక్క ఒలింపిక్స్ నుంచి కూడా మెడల్ లేకుండా తిరిగిరాని మన దేశం ఏడో స్థానంలో నిలిచింది. ఆ ఏడాది దేశానికి ఎదురైంది, మట్టి మీద పెరిగిన మన పిల్లలకి ప్రతి ఏటా పదహారు, పదిహేడేళ్ల దగ్గర ఎదురవుతుంది.

అందుకని టర్ఫ్ మీద సరిగ్గా ఆడించకుండా పదకొండు గురించి ఏమీ తేల్చకూడదనుకున్నాను. ఈ ఒక్క నిర్ణయం మాత్రం సరిగ్గా తీసుకున్నానని ఇప్పటికీ నమ్ముతున్నాను. మట్టి మీద చూసి చెరిపేసిన పిల్లలు మన రెండు రాష్ట్రాల్లో ఎంతమందో ఆలోచిస్తే బాధేస్తుంది. హైదరాబాద్‌లో గచ్చిబౌలిలో టర్ఫ్ ఉంది, కాకినాడలో ఉంది; 2023లో సీనియర్ మహిళల నేషనల్స్ కాకినాడ టర్ఫ్ మీదే జరిగాయి. టర్ఫ్‌కి బస్సు దూరంలో ఉన్న పిల్లాడికీ లేని పిల్లాడికీ ఒకే ట్రయల్స్ పెట్టి, ఒకే కొలతతో కొలవడం న్యాయం కాదు.

ఆరు నెలలు

వాడికి పదిహేడున్నర వచ్చిన జూలైలో మొదలుపెట్టాం. వారానికి రెండు రోజులు, తెల్లవారుజామున నాలుగున్నర బస్సుకి కాకినాడ. డిసెంబర్ ఆఖరు దాకా. మొదలుపెట్టే ముందే మూడు విషయాలు కాగితం మీద రాసి అసిస్టెంట్ కోచ్‌తో సంతకం పెట్టించాను, తర్వాత నా మనసు నాకే మాట మార్చకుండా.

ఒళ్లు ఎదగడం అయిపోయిందా? అయిపోయింది, రెండేళ్లుగా ఎత్తు మారలేదు. ఇకపై ‘ఇంకా సాగుతాడు’ అనే ఆశ లెక్కలోకి రాదు. గ్రౌండ్, తిండి, దెబ్బలు ఇవన్నీ న్యాయంగా ఉన్నాయా? ఈ ఆరు నెలలు ఉండేలా చూడాలి. కొత్తగా నేర్పింది మ్యాచ్‌లో కనిపిస్తోందా? అసలు పరీక్ష ఇదే. ప్రాక్టీస్‌లో కనిపిస్తే సరిపోదు.

ప్రాక్టీస్ మామూలుదే. వాడు మధ్యలో, ముందు నుంచి నేను పాస్ ఇస్తాను, వెనక అసిస్టెంట్ కోచ్ ఎరుపు కోనో పసుపు కోనో ఎత్తుతాడు. బంతి తగిలేలోపు పదకొండు వెనక్కి చూసి రంగు పేరు అరవాలి. ఎరుపైతే ఎడమకి, పసుపైతే కుడికి. మొదటి వారం రంగు చెబితే బంతి పోయేది, బంతి ఆగితే రంగు చెప్పేవాడు కాదు. సెప్టెంబర్‌కి రెండూ వచ్చాయి. అక్టోబర్‌లో పదికి ఎనిమిది. ఆ నెలలో ఒక తెల్లవారుజామున టర్ఫ్ మీద స్ప్రింక్లర్లు ఆపాక, నీళ్లు ఇంకా మెరుస్తుండగా, వరసగా పన్నెండుసార్లు రంగు సరిగ్గా చెప్పి ఎడమకి, కుడికి జారుతున్నట్టు తిరిగాడు. అసిస్టెంట్ నా వైపు చూశాడు. ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు. గడిలో మూడో గీత గీసేద్దామన్నంత ఆనందం.

నవంబర్, డిసెంబర్ నెలల్లో ఆ టర్ఫ్ మీదే డిపార్ట్‌మెంట్ జట్లతో, సీనియర్లతో ఐదు ప్రాక్టీస్ మ్యాచ్‌లు ఆడించాం. ట్యాంక్ నిచ్చెన మీద ఒక పిల్లాణ్ణి కూర్చోబెట్టి వీడియో తీయించాను. ట్రాప్ అద్భుతంగా మెరుగైంది. మట్టి మీద పదికి ఆరు ఆగేవి, ఇప్పుడు తొమ్మిది. అంటే అది గ్రౌండ్ లోపమే. వెనక్కి చూసే చూపు మాత్రం పదికి మూడు. చివరి మ్యాచ్‌లో ఇంకా తగ్గింది. వెనక కోన్ పట్టుకున్న మనిషి ఉంటే చూస్తున్నాడు, స్టిక్ పట్టుకున్న మనిషి ఉంటే చూడటం లేదు. అదే ఆరు నెలలు, అదే బస్సు, అదే కోన్‌లతో వాడితో పాటు వచ్చిన ఇంకో ఇద్దరికి మ్యాచ్‌లో ఆరు, ఏడు వచ్చాయి.

డిసెంబర్ 30 రాత్రి నాకు జవాబు తెలిసిపోయింది.

నేను చేసిన తప్పు

తెలిసినా చెప్పలేదు. జనవరిలో స్టేట్ జూనియర్ క్యాంప్ ఉంది, వాడి పేరు లిస్టులో వచ్చింది. "ఈ క్యాంప్ కానీ, అప్పుడు చూద్దాం" అనుకున్నాను. క్యాంప్ తేదీలు ఇంటర్ సెకండియర్ ప్రాక్టికల్స్‌కి అడ్డొచ్చాయి. వాడు నన్నడిగాడు, "ఏం చెయ్యమంటారు సార్?" అని. ‘నీకు పరీక్షే ముఖ్యం’ అనాల్సిన మనిషిని నేను. "నీ ఇష్టం నాన్నా, క్యాంప్ మళ్లీ రాదు" అన్నాను. కోచ్ నోట ఆ మాట వచ్చాక పిల్లాడి ఇష్టం ఏముంటుంది? క్యాంప్‌కి వెళ్లాడు. ఫైనల్ లిస్టులో పేరు లేదు. పరీక్షలూ పోయాయి.

ఆ ఐదు నెలల ఆలస్యం ఎందుకంత ఖరీదైందో విడమరిచి చెప్పాలి. మన పిల్లలకి హాకీ అంటే ఇండియా జెర్సీ ఒక్కటే కాదు. రైల్వే, పోలీస్, బ్యాంకులు, ఆయిల్ కంపెనీల స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలు ఉన్నాయి. రైల్వే నోటిఫికేషన్లలో వయసు 18 నుంచి 25. సర్టిఫికెట్ ఎంత పెద్దదైనా దానికి కాలపరిమితి ఉంటుంది; గత రెండు మూడేళ్లలో సాధించినవే లెక్కలోకి వస్తాయి. పదిహేనేళ్లప్పుడు ఆడిన సబ్‌జూనియర్ నేషనల్స్ కాగితం పద్దెనిమిది నిండేసరికి దాదాపు పాతబడిపోతుంది. దాంతో పాటు చదువు అర్హత ఉండాలి. కుర్రాడిని ‘ఫ్యూచర్’ అంటూ ఊరిస్తూ కూర్చున్న ప్రతి నెలా ఈ తలుపుల్లో ఏదో ఒకటి మూసుకుంటూ ఉంటుంది. ఆశ ఉచితం అనుకుంటాం. దానికి వాయిదాలు కట్టేది పిల్లాడు.

అందరూ చెప్పే పేర్లు

జూన్‌లో అసిస్టెంట్ కోచ్‌తో కూర్చుని విషయం చెబితే ఒప్పుకోలేదు. "ఇంకో ఏడాది చూద్దాం సార్. శ్రీజేష్‌ని చూడండి" అన్నాడు. ఆ మాట తీసిపారేసేది కాదు. గోలీ శ్రీజేష్ 2006లో ఇండియా సీనియర్ జట్టులోకి వచ్చి, నిలదొక్కుకోవడానికి ఏళ్లు పట్టి, ఆ తర్వాత టోక్యో, పారిస్ రెండు ఒలింపిక్ మెడల్స్‌తో 2024లో రిటైరయ్యాడు. అమిత్ రోహిదాస్ 2013లో జట్టులోకి వచ్చి, చోటు పోగొట్టుకుని, 2017లో తిరిగొచ్చి అవే రెండు మెడల్స్ తెచ్చాడు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా రజని ఎతిమరపు ఏళ్ల తరబడి సవిత వెనక రెండో గోలీగా నిలబడి, 2022 కామన్వెల్త్‌లో కాంస్యం గెలిచిన జట్టులో ఉంది.

కానీ వీళ్ల కథల్లో మనం చూడాల్సింది వయసు కాదు. శ్రీజేష్, రజని గోలీలు. గోలీకి చదివే కన్ను ఆలస్యంగా వస్తుంది. అందుకే గోలీల గడి నేను 22, 23 దాకా ముట్టను. ఇక రోహిదాస్ మొదటే సీనియర్ స్థాయికి చేరినవాడు. అక్కడ దొరకని చోటు కోసం ఎదురుచూడటం వేరు, నేర్పింది మ్యాచ్‌లోకి రాకపోవడం వేరు.

దానికి ఎదురుగా నేను ఇంకో జట్టు పేరు చెప్పాను. 2016 డిసెంబర్‌లో లక్నోలో బెల్జియం మీద 2-1తో జూనియర్ వరల్డ్ కప్ గెలిచిన మన జట్టు. పద్దెనిమిది మంది. 21 ఏళ్ల లోపు కుర్రాళ్లలో ఆ రోజు ప్రపంచంలోనే మేటి జట్టు వాళ్లది. వాళ్లలో టోక్యోలో ఆడినవాళ్లు ఏడుగురు: హర్మన్‌ప్రీత్, మన్‌దీప్, సుమిత్, నీలకంఠ శర్మ, వరుణ్, గుర్జంత్, సిమ్రన్‌జీత్. కప్పు ఎత్తిన కెప్టెన్ హర్జీత్ సింగ్ ఆ ఏడుగురిలో లేడు. సిమ్రన్‌జీత్‌ని మొదట టోక్యోకి పదహారు మందిలో కూడా తీసుకోలేదు, రిజర్వ్‌లో ఉన్నాడు. ఆఖరికి జర్మనీ మీద 5-4తో గెలిచిన కాంస్యం మ్యాచ్‌లో రెండు గోల్స్ వాడివే. ప్రపంచ ఛాంపియన్లలోనే సగానికి పైగా తర్వాతి మెట్టు ఎక్కలేదంటే, అది వాళ్ల తప్పు అనడం ఎంత అన్యాయమో, జిల్లా స్థాయి పిల్లాడికి ‘తప్పకుండా ఎక్కుతావు’ అని చెప్పడం అంత అన్యాయం.

ఐస్ హాకీవాళ్లు ఒక విషయంలో మనకంటే నయం. ఉత్తర అమెరికాలోని పెద్ద ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతికి ఎవరు అర్హులో రాతపూర్వకంగా ఉంది: 26 ఏళ్లు నిండకూడదు, ముందు ఏ ఒక్క సీజన్‌లోనూ 25 మ్యాచ్‌లు దాటి ఆడి ఉండకూడదు, రెండు సీజన్లలో ఆరేసి చొప్పున ఆడి ఉన్నా కుదరదు. సోవియట్ నుంచి వచ్చిన సెర్గీ మకరోవ్ 1990లో, 31 ఏళ్ల వయసులో ఆ బహుమతి గెలుచుకున్నాకే వయసు గీత గీశారు. బహుమతి కోసం పెట్టిన నియమమే అయినా, ‘కొత్తవాడు’ అనే మాటకి ఒక చివర ఉండాలని వాళ్లు ఒప్పుకున్నారు. మనం ఎప్పుడూ ఒప్పుకోం. ఇరవై మూడేళ్లవాణ్ణి కూడా ‘కుర్రాడు, పైకొస్తాడు’ అంటూనే ఉంటాం.

అసిస్టెంట్ చివరికి ఒక్కటే అడిగాడు: "సీటు కావాలని కాదు కదా సార్?" అడగాల్సిన ప్రశ్నే. ఆ జూన్‌లో హాస్టల్ బయట ఒక చిన్న పిల్లాడు సీటు కోసం చూస్తున్నాడు. ఎవరికో సీటు ఇవ్వడం కోసం ఇంకొకడి ఫ్యూచర్ చెరపడం మన హాస్టళ్లలో జరిగేదే. డిసెంబర్ 30 నాటి నా నోట్‌బుక్ తీసి అసిస్టెంట్ ముందు పెట్టాను. సీటు మాట అప్పటికి ఇంకా రాలేదు. చదివి, సరే అన్నాడు.

చెప్పిన రోజు

ఆదివారం సాయంత్రం వాళ్ల నాన్నని రమ్మన్నాను. ఆయన దింపుకి వెళ్లి, చేతులు కడుక్కుని నేరుగా వచ్చారు. అరచేతులు కత్తి పట్టుకుని కాయలు కాసి ఉన్నాయి. ఆయనా, పదకొండూ, నేనూ ఆఫీసు రూములో కాకుండా గ్యాలరీ మెట్ల మీద కూర్చున్నాం. ఆయనే మొదలుపెట్టారు.

"మావోడు ఇండియాకి ఆడతాడాండి?"

"ఆడడండి" అన్నాను. ‘కష్టం’ అని, ‘చూద్దాం’ అని ముందురోజు రాత్రి చాలా మాటలు అనుకున్నాను. అవేవీ అనకూడదని అక్కడ కూర్చున్నాక అర్థమైంది. ఆ మెత్తని మాటలు పట్టుకునే మనుషులు ఇంకో రెండేళ్లు బతుకుతారు.

ఆయన చాలాసేపు గ్రౌండ్ వంక చూశారు. "మరి ఇన్నాళ్లూ ఫ్యూచర్ ఉందన్నారుగా?"

"అన్నానండి. ఆరు నెలల కిందటే చెప్పాల్సింది. చెప్పలేదు. పరీక్ష పోయింది నా వల్లే."

పదకొండు తల వంచుకుని స్టిక్ గ్రిప్ టేపు గోటితో గీకుతున్నాడు. వీడియో చూపించాను. ఐదు మ్యాచ్‌లు, బంతి అందుకునే క్షణాలు మాత్రమే కత్తిరించి పెట్టాను. మూడోది చూసేసరికే, "నేను చూడట్లేదు సార్" అన్నాడు. వాడి గొంతులో కోపం లేదు. ఇన్నాళ్లూ తనకేమైందో తెలియక నలిగిన పిల్లాడికి ఒక కారణం దొరికినట్టు అనిపించింది. ఆ తర్వాత ఏడ్చాడు. వాళ్ల నాన్న వీపు మీద చెయ్యి వేసి, ఏమీ అనకుండా అలాగే ఉంచారు.

తర్వాత చెప్పాల్సింది ఇంకా ఉంది. ఫ్యూచర్ గడి చెరిపితే హాకీ చెరిపినట్టు కాదు. అప్పటిదాకా వాడి గురించి మేం అడిగిన ప్రశ్న ‘ఏమవుతాడు?’ ఇకపై అడగాల్సింది ‘ఈ ఆదివారం జట్టుకి ఏం చేస్తాడు?’ ఫార్వర్డ్‌లో వీపు గోల్ వైపు పెట్టి బంతి అందుకోవాలి, వెనక్కి చూసే కన్ను కావాలి. రైట్ హాఫ్‌కి ఫార్వర్డ్‌ల వెనక కుడివైపు ఉంటాడు కాబట్టి ఆట మొత్తం ఎదురుగానే కనిపిస్తుంది. వాడి ట్రాప్, హిట్, పరుగు మూడూ అక్కడ పనికొస్తాయి. జిల్లా సీనియర్ జట్టులో రైట్ హాఫ్ ఖాళీ ఉంది. సీటు ఆ ఏడాది చివరిదాకా ఉంటుంది, ఇంటర్ పూర్తి చెయ్యాలి. ఇవన్నీ కాగితం మీద రాసి ఆయన చేతికిచ్చాను. ఆయన చదువుకోలేదు, మడిచి జేబులో పెట్టుకున్నారు. వెళ్లేటప్పుడు పదకొండే చదివి వినిపించాడట బస్సులో.

ఆ రాత్రి రబ్బరుతో గడి తుడిచాను. గట్టిగా రెండుసార్లు గీసిన పెన్సిల్, అచ్చు మిగిలిపోయింది.

ఆ తర్వాత

రెండు వారాలు గ్రౌండ్‌కి రాలేదు. నేను పిలవలేదు. మూడో వారం వచ్చి వార్మప్‌లో చివరి వరసలో నిలబడ్డాడు. ఫార్వర్డ్‌గా ఉన్నప్పుడు వాడికి ఎవరూ వెనక్కి వచ్చి ట్యాకిల్ చెయ్యమని చెప్పేవాళ్లు కాదు, ఫ్యూచర్ ఉన్నోడు అలిసిపోకూడదని. హాఫ్‌లో మొదటి నెల ఊపిరాడలేదు. ఇప్పుడు ఆడుతున్నాడు. గొప్పగా అనను, నమ్మకంగా ఆడుతున్నాడు. జిల్లా జట్టులో పదకొండు మందిలో ఉన్నాడు. ఇంటర్ ఒక ఏడాది ఆలస్యంగా పాసయ్యాడు.

నా మనసులో ఒక అనుమానం మిగిలే ఉంది. టర్ఫ్ ఆరు నెలలు సరిపోయిందా? పదమూడేళ్లకే వాడు టర్ఫ్ ఎక్కి ఉంటే ఆ చూపు వచ్చేదేమో. వచ్చేదనే అనుకుంటున్నాను. అంటే నేను చెరిపింది వాడి ఫ్యూచర్‌నే కావచ్చు, వాడి తప్పు మాత్రం కాదు. ఈ రెండూ వేరని వాడికి ఒకసారి చెప్పాను, ఇంకా చాలాసార్లు చెప్పాలి.

సీటు కోసం చూసిన ఆ చిన్నోడి సంగతి కూడా రాయాలి. నవంబర్‌లో పుట్టాడు, అప్పటికి పద్నాలుగున్నర, ఎత్తు 149. పాత పద్ధతిలో అయితే ట్రయల్స్‌లోనే పంపించేసేవాణ్ణి. వాళ్ల అమ్మానాన్నల్ని గోడ పక్కన నిలబెట్టి కొలిచాక 172 లెక్క వచ్చింది. ఉంచాను. పదమూడు నెలల్లో పదకొండు సెంటీమీటర్లు సాగాడు. సాగుతున్నప్పుడు కాళ్లు చేతులు వాడి మాట వినలేదు, బంతి రోజూ పోయేది. అయినా వెనక్కి మాత్రం చూస్తాడు. చిన్నగా ఉన్నప్పుడు చూడకపోతే దెబ్బ తగిలేది కాబట్టి.

ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తారీకున అందరి ఎత్తూ కొలుస్తున్నాం. నిలబడి ఒకసారి, బల్ల మీద కూర్చోబెట్టి ఒకసారి. ‘ఫ్యూ’ రాసిన ప్రతి గడిలోనూ కింద మళ్లీ చూడాల్సిన తేదీ ఉంటుంది, ఆ తేదీ పిల్లాడికీ ఇంట్లోవాళ్లకీ తెలుసు. పదో తరగతి, ఇంటర్ పరీక్షలకి మూడు నెలల ముందే ఆ తేదీ రావాలని నియమం పెట్టుకున్నాను. ఎవరికీ రెండు గీతలు గీయడం లేదు.

పోయిన వారం పదకొండుకి ఒక డిపార్ట్‌మెంట్ జట్టు నుంచి ట్రయల్స్ పిలుపు వచ్చింది, రైట్ హాఫ్‌కే. టర్ఫ్ షూస్ అరిగిపోయాయని అడిగితే అసిస్టెంట్ తన జత ఇచ్చాడు. సైజు ఒకటి ఎక్కువ, రెండు జతల సాక్స్ వేసుకుంటానన్నాడు. ట్రయల్స్ 14వ తేదీ పొద్దున్న ఏడు గంటలకి.